స్నోమొబైల్ నడిపేవారికి మంచు చరియల శిక్షణ: తిరుపతిలో ఉండగానే నేర్చుకోదగినవి, అక్కడికి వెళ్లాక నేర్చుకోవలసినవి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికాలోని కొలరాడో, యూటా, వాషింగ్టన్ రాష్ట్రాలకు వెళ్లిన మన పిల్లల్లో చలికాలపు సెలవులకు స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) అద్దెకు తీసుకుని మంచు కొండల్లోకి వెళ్లేవారు ఉన్నారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇక్కడి నుంచి గుల్మార్గ్ చూడబోయే కుటుంబాలు కూడా అక్కడ ఆ బండి ఎక్కుతాయి. దాన్ని నడపడం ఒక పూటలో వచ్చేస్తుంది. స్కీలు కట్టుకున్నవాడు సగం రోజు ఎక్కితే గాని చేరలేని ఏటవాలుకు స్నోమొబైల్ కొద్ది నిమిషాల్లో తీసుకుపోతుంది కనుక, ఆ వాలు ఎప్పుడు జారుతుందో గుర్తుపట్టే చదువు బండి తాళం చేతికి రాకముందే పూర్తి కావాలి. ఆ చదువు బృందంలో అందరికీ ఉండాలి. చరియ కింద పూడుకుపోయిన మనిషిని ప్రాణాలతో తీయగలిగేది చాలావరకు ఆ క్షణంలో పక్కనున్న తోటివారే. పిలిస్తే హెలికాప్టర్ వస్తుందన్న ధీమా చాలాసార్లు శవాన్ని వెలికితీయడానికే పనికొచ్చింది.

చరియ ఎలా పుడుతుందో ముందుగా అర్థం చేసుకోవాలి. చలికాలమంతా మంచు పొరలు పొరలుగా పడుతుంది. కొన్ని పొరలు చక్కెర పలుకుల్లాంటి స్ఫటికాలుగా మారి, ఒకదానినొకటి పట్టుకోలేని బలహీనస్థితిలో ఉండిపోతాయి. వాటి మీద కొత్త మంచో, గాలి మోసుకొచ్చి పోసిన మంచో పలకలా బిగుసుకుంటుంది. అడుగు పొర ఒకచోట కూలితే ఆ పగులు క్షణాల్లో వాలంతా పాకి, పలక మొత్తం ఒక్కసారిగా తెగి జారుతుంది. 2021 డిసెంబరులో వర్షాలకు నాని తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీదికి బండరాళ్లు దొర్లిపడినప్పుడు వాటిని ఏ మనిషీ కదిలించలేదు. మంచు చరియ ప్రమాదాల్లో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంటుంది: పదింట తొమ్మిది ప్రమాదాల్లో ఆ పలకను తెంపింది అందులో చిక్కుకున్న మనిషి గాని, అతని బృందంలోని మరొకరు గాని. ఇది భయపెట్టే మాటే అయినా, ఇందులో ఒక ఆశ కూడా ఉంది. మనం అడుగు పెట్టకపోతే చాలా ప్రమాదాలు అసలు పుట్టవు.

ఎక్కడ అడుగు పెట్టకూడదో చెప్పే మొదటి కొలత వాలు కోణం. పలకలుగా జారే చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలుల మీదే పుడతాయి. ఈ కోణాన్ని గుర్తుపట్టే సాధనకు మంచు అవసరం లేదు. ఫోనులో కోణం చూపే యాప్ తెరిచి, ఇంటి మేడమెట్ల పక్కగోడ వాలుకు ఫోను అంచును ఆనించి చూడండి. మామూలు మేడమెట్లు సాధారణంగా 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటాయి. అంటే రోజూ బట్టలు ఆరేయడానికి ఎక్కే మెట్లంత వాలు ఉన్న మంచుకొండ చరియలు పుట్టే కొండే. తరువాత చంద్రగిరి కోట దగ్గర రోడ్డు మీదే నిలబడి, కొండ అంచు ఆకాశం మీద గీసిన గీతకు సమాంతరంగా ఫోనును చేతిలో ఎత్తి పట్టి కొలవండి. కొలిచే ముందు మీ అంచనా పైకి చెప్పి, ఆ తరువాత ఫోను చూపే అంకెతో పోల్చుకోవాలి. కింద నిలబడి ఎదురుగా చూస్తే వాలు ఒకలా, పక్కనుంచి చూస్తే మరోలా కనబడుతుందన్న సంగతి ఈ అభ్యాసంలోనే తేలుతుంది, అందుకే వీలైనంతవరకు పక్కనుంచి కొలవాలి. కొండ మీదికి ఎక్కవలసిన పని గాని, శేషాచలం అడవిలోకి చొరబడవలసిన పని గాని ఇందులో లేదు.

అయితే 30 డిగ్రీల కన్నా తక్కువ వాలు మీద ఉన్నామని నిశ్చింతగా ఉండకూడదు. బలహీనమైన పొర బాగా పాకి ఉన్నప్పుడు అడుగున చదునైన చోట బండి నడిపినా పైన వాలు తెగవచ్చు. చరియ దూసుకొచ్చి ఆగే మైదానం కూడా ప్రమాద స్థలమే. స్నోమొబైల్ బృందాలు బండ్లు ఆపుకుని టీ తాగుతూ పైకెక్కేవారిని చూసేది సరిగ్గా అక్కడే. బండ్లు ఎక్కడ ఆపాలన్న ప్రశ్న దారి ఎటు అన్న ప్రశ్నతో సమానమైనది. తల ఎత్తి చూసి, పైనున్న వాలు తెగితే ఇక్కడిదాకా వస్తుందా అని ప్రశ్నించుకుని, వస్తుందనే అనుమానం ఉన్నా మరింత దూరం జరిగి, అందరి బండ్ల ముక్కులూ బయటికి పారిపోయే దిక్కుకు తిప్పి ఆపాలి.

రోజు మొదలయ్యేది ఆ రోజు చరియల హెచ్చరిక బులెటిన్ చదవడంతో. కొలరాడో, యూటా రాష్ట్రాలకు వేర్వేరు చరియల సమాచార కేంద్రాలు ఉన్నాయి. కెనడాకు అవలాంచ్ కెనడా ఉంది. మన దేశంలో చండీగఢ్‌లోని డీజీఆర్ఈ, అంటే రక్షణ పరిశోధన సంస్థకు చెందిన విభాగం, జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలకు హెచ్చరికలు ఇస్తుంది. అమెరికా, కెనడా బులెటిన్లలో ప్రమాదం 1 నుంచి 5 వరకు ఉంటుంది. కొత్తవారు చేసే పెద్ద తప్పు, 3 అంటే మధ్యలో ఉంది కదా, ఫరవాలేదు అనుకోవడం. మనుషులు చరియను తెంపే అవకాశం బలంగా ఉన్న స్థాయి అది; 4, 5 ఉన్నప్పుడు జనం ఇంట్లోనే ఉంటారు గనుక చాలా మరణాలు 3 ఉన్న రోజునే జరుగుతాయి. అంకె చూసి మూసేయకుండా, ఏ ఎత్తులో, ఏ దిక్కుకు తిరిగిన వాలు మీద, ఏ రకమైన సమస్య ఉందో చివరిదాకా చదివి, ఆ వాలులను ఆనాటి పటంలో గుర్తు పెట్టుకోవాలి.

కొండ మీదికి వెళ్లాక బులెటిన్‌ను కళ్లతో సరిచూసుకోవాలి. అప్పుడే జారిన చరియ ఏదైనా కనబడటం, బండి కింద మంచు 'ఉంఫ్' అని మూలిగి కుంగటం, బండి ముందు పగుళ్లు పరుగెత్తటం, గత ఒకటి రెండు రోజుల్లో భారీగా మంచు కురవటం, గాలి ఒకవైపు మంచును మరోవైపుకు మోసి పోయటం, ఎండ ఒక్కసారిగా ముదరటం: వీటిలో ఒక్కటి కనబడినా ఆనాటికి ఏటవాలులు మానుకోవాలి. ఇంజను మోతలో ఆ మూలుగు వినబడదు కాబట్టి మధ్యమధ్య బండి ఆపి, దిగి, మంచును తొక్కి చూడటం స్నోమొబైల్ నడిపేవారికి మరీ అవసరం.

నడిపే పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, వాలు మీద ఒకసారికి ఒక్కరే ఉండాలి. స్నోమొబైల్ నడిపేవారిలో ఎవరి బండి ఎక్కువ ఎత్తుకు ఎక్కి తిరుగుతుందో చూసుకునే పోటీ ఉంది. వాలు మీద చరియ పడేలా చేసే పనుల్లో అది మొదటి వరసలో ఉంటుంది. అలా ఎక్కినవాడి బండి మంచులో కూరుకుపోతుంది. "అన్నా, బండి ఇరుక్కుంది, ఒకసారి పైకి రా" అని వాడు చెయ్యి ఊపుతాడు. మన ఊళ్లో బండి ఆగిన మనిషిని చూసి పోకుండా ఉండటం మర్యాద కాదు కనుక చెయ్యి పట్టడానికి పరుగెత్తడం మనకు పుట్టుకతో వచ్చింది. అక్కడ మాత్రం అలా పోకూడదు. రెండో బండి బరువు, ఇరుక్కున్న బండిని ఊపే కుదుపు, రెండు ప్రాణాలు ఒకే పలక మీద చేరతాయి. అతనే నిదానంగా మంచు తవ్వుకుని బండి తిప్పుకుని దిగాలి. మిగిలినవారు సురక్షితమైన చోటు నుంచి కళ్లు మరల్చకుండా చూస్తూ ఉండాలి. ఈ మాటను బయలుదేరే ముందే అందరూ ఒప్పుకుని ఉంటే, అక్కడ ఎవరికీ మొహమాటం ఉండదు.

2008 డిసెంబరు 28న కెనడాలోని ఫెర్నీ పట్టణానికి దగ్గర్లో, హార్వీ పాస్ వద్ద పదకొండు మంది స్నోమొబైల్ మిత్రులు వెళ్తే ఎనిమిది మంది తిరిగి రాలేదు. మొదటి చరియ కొందరిని పూడ్చేసింది. వారిని తవ్వి తీస్తున్న మిగిలినవారి మీద మరో చరియ పడింది. తోటివారికోసం పరుగెత్తేముందు పైన ఇంకా జారవలసిన మంచు ఉందా అని క్షణం ఆగి చూడాలన్న పాఠాన్ని ప్రతి తరగతిలోనూ చెప్పడానికి కారణం ఇలాంటి ఘటనలే.

పరికరాలు మూడు: ట్రాన్సీవర్, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి చువ్వ), పార. ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది. ఎవరైనా పూడుకుపోతే మిగిలినవారు తమవాటిని వెతికే స్థితికి మార్చుకుని ఆ సంకేతాన్ని పట్టుకుంటారు. మూడూ ఒంటి మీదే ఉండాలి, ట్రాన్సీవర్ లోపలి చొక్కా మీద, ప్రోబ్, పార వీపు సంచిలో. బండి వెనక డబ్బాలో పెట్టిన పార బండితోపాటే మంచు కింద పోతుంది. ఫోను, వేడి చేతితొడుగుల బ్యాటరీ వంటివి ట్రాన్సీవర్‌కు 20 సెంటీమీటర్లకు దూరంగా, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లకు దూరంగా ఉండాలి. పిడి లాగితే ఉబ్బే గాలి సంచి ఉన్న వీపు సంచి కొనగలిగితే కొనాలి. తీవ్రమైన చరియల్లో చిక్కినవారి మరణాలు దానివల్ల దాదాపు సగానికి తగ్గినట్టు 2014 నాటి పరిశోధన తేల్చింది. కానీ చిక్కినవారిలో కొందరు చెట్లకూ రాళ్లకూ కొట్టుకుని గాయాలతోనే పోతారు కాబట్టి ఏ సంచీ తప్పుడు దారిని మంచి దారిగా మార్చదు.

ఇక వెలికితీత. స్విట్జర్లాండ్ ప్రమాదాల మీద 2024లో వచ్చిన పరిశోధన ప్రకారం, పూర్తిగా పూడుకుపోయినవారిని 10 నిమిషాల లోపు తీస్తే పదిమందిలో తొమ్మిది మందికి పైగా బతికారు. అరగంట అయ్యేసరికి బతికేవారు మూడో వంతుకు పడిపోయారు. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో చేతులకు అలవాటు కావాలి. అతను చివరిసారి కనబడిన చోటును కళ్లతో గుర్తు పెట్టుకోవాలి. ఒకరు అధికారం తీసుకుని పనులు పంచాలి. బండ్ల ఇంజన్లు ఆపి, అందరి ట్రాన్సీవర్లూ వెతికే స్థితికి మార్చాలి. ఒక్కరు మరిచిపోయినా వారి సంకేతమే అందరినీ దారి తప్పిస్తుంది. సంకేతం దొరికేదాకా వేగంగా, దొరికాక బాణం గుర్తు వెంబడి. దూరం పది మీటర్ల లోపు వచ్చాక నెమ్మదిగా. చివరి మూడు మీటర్లలో పరికరాన్ని మంచుకు ఆనించినంత దగ్గరగా పట్టి, తిప్పకుండా, ముందుకూ వెనక్కూ, ఆపై అడ్డంగా జరిపి అతి తక్కువ అంకె వచ్చే చోటు పట్టాలి. అక్కడి నుంచి ప్రోబ్‌ను మంచు ఉపరితలానికి లంబంగా, 25 సెంటీమీటర్ల ఎడంతో సుడిగా గుచ్చుకుంటూ పోవాలి. తగిలాక ప్రోబ్ తీయకూడదు, అలాగే వదిలేయాలి.

ఎక్కువ సమయం తినేది తవ్వకమే. ఆగిన చరియ మంచు గట్టిగా బిగుసుకుపోతుంది. ప్రోబ్ దగ్గర నిలబడి బావి తవ్వినట్టు నిలువునా తవ్వితే అతని మీదే నిలబడినట్టు అవుతుంది, తీసిన మంచు మళ్లీ గోతిలోనే పడుతుంది. అందుకే వాలు దిగువకు, లోతుకు ఒకటిన్నర రెట్లు వెనక్కి జరిగి, ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడి, ముందువాడు నరికిన మంచును వెనకవారు దిగువకు నెడుతూ అడ్డంగా లోపలికి పోవాలి. ముందువాడు అలసిపోకముందే మారాలి. ముఖం అందగానే నోటిలోని మంచు తీసి, ఛాతీ మీది బరువు తొలగించి, ఊపిరి లేకపోతే కృత్రిమ శ్వాసతో కూడిన సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఈ తవ్వకాన్ని, గుచ్చటాన్ని మన స్వర్ణముఖి ఇసుకలో అభ్యాసం చేయవచ్చు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన అన్నదమ్ములు నలుగురు కలిసి, తడి ఇసుక నింపిన గోనెసంచిని, ఒక చెక్కను, ఒక రాయిని మోకాలి లోతున వేర్వేరు చోట్ల పూడ్చి, ఇనుప చువ్వతో గుచ్చి చూడండి. రాయి ఠక్కున ఆపుతుంది, చెక్క బరువుగా ఆపుతుంది, గోనెసంచి లోపలికి మెత్తగా ఒత్తుకుని వెనక్కి నెడుతుంది. మనిషి ఒళ్లు తగిలినప్పటి స్పర్శకు ఆ మూడోదే దగ్గర. తరువాత నలుగురూ వరుసగా పారలతో, గడియారం పెట్టి, సంచిని తీయండి. మొదటి ప్రయత్నంలో ఎవరి వెనక ఎవరు నిలబడాలో తేలకుండానే నిమిషాలు గడిచిపోతాయి. చిక్కుకున్నవాడు తానుగా చేయగలిగింది తక్కువే: గాలి సంచి లాగటం, వాలుకు అడ్డంగా బండిని పక్కకు తప్పించటం, మంచు ఆగబోతున్నప్పుడు ముఖం ముందు చేతులు పెట్టి ఊపిరికి చోటు చేసుకోవటం.

ఇవన్నీ చదివినంత మాత్రాన శిక్షణ అయినట్టు కాదు. అమెరికాలో మొదటి స్థాయి తరగతి మూడు రోజులు, కెనడాలో రెండు రోజులు ఉంటుంది. స్నోమొబైల్ నడిపేవారికోసమే ప్రత్యేకంగా నడిపే తరగతులు ఉన్నాయి, వాటినే ఎంచుకోవాలి, ఎందుకంటే స్కీయర్ల పాఠాల్లో బండి ఆపే చోటు, ఇరుక్కున్న బండి వంటివి సరిపడా రావు. ఒంటరిగా కాకుండా, కలిసి బండి నడిపే మిత్రులందరూ ఒకే తరగతిలో చేరాలి. ఆపై ప్రతి చలికాలం మొదటి ప్రయాణానికి ముందు, బ్యాటరీలు మార్చి, మంచు లేని పార్కులోనైనా సరే ట్రాన్సీవర్‌తో వెతుకులాట మళ్లీ చేయాలి.

గుల్మార్గ్ వెళ్లే కుటుంబాలకు అంత చదువు అవసరం లేదు, కానీ జాగ్రత్త అవసరమే. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గర ఖిలన్‌మార్గ్‌లో చరియ కింద 17 మంది సైనికులు మరణించారు, వారు కొండల్లో శిక్షణ పొందుతున్నవారే. 2023 ఏప్రిల్‌లో సిక్కింలోని నాథులా రోడ్డు మీద ఏడుగురు పర్యాటకులు పోయారు. బండి ఎక్కేముందు నడిపే అతన్ని, ఈ రోజు హెచ్చరిక ఏమిటి, ఏ వాలు కిందినుంచి పోతాం, మీ దగ్గర ట్రాన్సీవర్లు ఉన్నాయా అని అడగండి. "ఏం కాదు సార్" తప్ప మరో జవాబు రాకపోతే చదునైన మైదానం దాటనని చెప్పండి, ఒప్పుకోకపోతే అమ్మానాన్నలనూ పిల్లలనూ దించేయండి. అమెరికా నుంచి వచ్చేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడ కొండల్లో ప్రాణదాత అయిన శాటిలైట్ మెసేజ్ పరికరాన్ని అనుమతి లేకుండా మన దేశంలోకి తెస్తే చట్టప్రకారం నేరం అవుతుంది, కాబట్టి దాన్ని అక్కడే ఉంచి, హోటలు వారికి వెళ్లే దారి, తిరిగి వచ్చే గంట రాసి ఇచ్చి బయలుదేరాలి.