లారీ స్లీపర్ క్యాబిన్‌కు పక్క కిటికీ అమర్చే విధానం

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో, దింపుడుకు వరుసలో నిలిచిన లారీల డ్రైవర్లు పగటిపూట సీటు వెనుక ఉన్న పడకపైనే కునుకు తీస్తారు. ఆ పడక దగ్గర కిటికీ లేకపోతే, ముందు తలుపుల అద్దాలు రెండూ దించినా వెనుక మూలకు గాలి చేరదు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన మధ్యతరహా, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది గానీ, రోడ్డు మీద తిరుగుతున్న పాత బండ్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. రాత్రంతా బండి నడిపిన మనిషికి పగటి నిద్ర సరిగా పట్టకపోవడం చిన్న విషయం కాదు. అందుకే ఈ పనిని ఎక్కడ తొందరపడకూడదో, ఎక్కడ ఖర్చుకు వెనుకాడకూడదో వివరంగా రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది క్యాబిన్ రకం. కంపెనీ నుంచే పూర్తిగా తయారై వచ్చిన క్యాబిన్‌లో పక్క రేకు కూడా బరువు మోసే భాగమే కాబట్టి, బండ్లకు బాడీ కట్టేవారి కోసం తయారీదారు ఇచ్చే సూచనల పుస్తకం చూడకుండా దానిని కోయవద్దు; ఆ పుస్తకం అనుమతించకపోతే అక్కడితో ఆగిపోవడమే మంచిది. ఛాసిస్ మాత్రమే కొని విజయవాడ ఆటోనగర్ వంటి చోట కట్టించుకున్న క్యాబిన్ అయితే లోపలి చట్రం ఎక్కడెక్కడ ఉందో కట్టిన మేస్త్రికి తెలుసు కాబట్టి, వీలైతే ఆయననే పిలవాలి. ఏ రకమైనా సరే, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో విభేదించేలా మార్పు చేయరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అందుచేత రవాణా కార్యాలయంలో, మనవాళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహన తనిఖీ అధికారికి కొలతలతో గీసిన బొమ్మ చూపించి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే రేకు మీద చెయ్యి వేయాలి.

కిటికీ స్థానాన్ని బండి పక్కన నిలబడి నిర్ణయించకూడదు; డ్రైవరు పడకపై పడుకున్నప్పుడే నిర్ణయించాలి. ఆయన తల ఏ వైపు పెట్టుకుంటారో చూసి, పరుపు పై అంచు నుంచి కనీసం 200 మి.మీ. ఎత్తున కిటికీ అడుగు అంచు వచ్చేలా గుర్తు పెడితే, నిద్రలో మోచెయ్యి అద్దానికి తగలదు. సైలెన్సర్ పొగ గొట్టం ఏ వైపున ఉందో కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఆ వైపు కిటికీ తెరిచి ఉండగా ఇంజన్ ఆడుతుంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పడుకున్న మనిషి మీదికే వస్తుంది. ఎటువైపు కిటికీ పెట్టినా ఇంజన్ ఆపకుండా నిద్రపోకూడదన్న మాట డ్రైవరుకు స్పష్టంగా చెప్పాలి.

పరిమాణం విషయంలో ఆశకు పోవద్దు. 450 మి.మీ. పొడవు, 300 మి.మీ. ఎత్తు ఉన్న జరిపే కిటికీ పడకకు చాలినంత గాలినిస్తుంది. అద్దం తప్పనిసరిగా ఐఎస్ఐ గుర్తున్న టఫెన్డ్ (ప్రత్యేకంగా గట్టిపరిచిన) అద్దమై ఉండాలి. మామూలు అద్దం పగిలితే దాని ముక్కలు కత్తుల్లా నిద్రపోతున్న మనిషి ముఖం మీదనే పడతాయి. టఫెన్డ్ చేసిన అద్దాన్ని ఆ తర్వాత కోయడం గాని, దానికి రంధ్రం వేయడం గాని సాధ్యం కాదు కాబట్టి, కొలత ముందే ఖాయం చేసి ఇవ్వాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన కాబట్టి, ఎండ కోసం ముదురు రంగు అద్దం కాక లోపల తెర పెట్టుకోవాలి. జరిపే అద్దాలు రెండింటిలో ముందు వైపు అద్దం బయటి గాడిలోనూ, వెనుక వైపు అద్దం లోపలి గాడిలోనూ ఉండాలి. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకును కప్పినట్లు, ఈ అమరికలో బండి వేగానికి ఎదురొచ్చే వాన అతుకులోకి దూరకుండా జారిపోతుంది. దోమల తెర కూడా ఫ్రేమ్‌తోపాటే వచ్చేలా చేయించుకుంటే మేలు.

పనికి ఉదయపు వేళ ఎంచుకోండి. మే నెల మధ్యాహ్నం రేకు మీద చెయ్యి ఆనదు, అతుకుల సందులు మూసే సీలెంట్ సర్దేలోపే పైన పొర కడుతుంది. ముందుగా బ్యాటరీ తీగలు రెండూ విప్పాలి. లోపలి రెగ్జిన్, ఫోమ్, ప్లైవుడ్ పూర్తిగా తీసి, రేకు వెనుక వైర్లు, గాలి గొట్టాలు ఏమైనా పోతున్నాయేమో చేత్తో తడిమి చూడాలి. నిలువు కమ్మీ అడ్డం వస్తే కిటికీనే జరపాలి తప్ప కమ్మీని కోయకూడదు. లారీ బోల్తా పడినప్పుడు పైకప్పు పడక మీదికి కుంగకుండా ఆపేది ఆ కమ్మీయే.

తర్వాత ఫ్రేమ్‌ను అట్ట మీద పెట్టి గీసి, ఆ అట్ట నమూనాను రేకుకు అంటించి, నాలుగడుగుల దూరం నుంచి క్యాబిన్ గీతలతో అది సమంగా ఉందో లేదో చూడాలి. రంధ్రం, ఫ్రేమ్‌లో రేకు లోపలికి దూరే భాగం కంటే చుట్టూ 2 మి.మీ. మాత్రమే ఎక్కువ ఉండాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే బండి అదురుకు పగులు మొదలయ్యేది పదునైన మూలలోనే. గీత చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, మూలల్లో డ్రిల్‌తో రంధ్రాలు చేసి, అంగుళానికి 18 నుంచి 24 పళ్ళున్న బ్లేడు బిగించిన జిగ్ సా అనే చిన్న కరెంటు రంపంతో నెమ్మదిగా కోయాలి. షెడ్లలో గ్రైండర్‌తో కోయడమే ఎక్కువ. కానీ దాని వేడికి చుట్టూ రంగు కాలి రేకు వంకర పోతుంది, నిప్పురవ్వలు ముందు అద్దంలో గుచ్చుకుని మచ్చలు మిగులుస్తాయి. గ్రైండర్ తప్పనిసరైతే అద్దాలనూ సీట్లనూ తడి గోనెసంచులతో కప్పి, పక్కనే నీళ్ళ బకెట్ పెట్టుకోవాలి.

కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్ పట్టించి, అది ఆరాక రంగు వేయాలి. ఈ మెట్టును ఒకసారి నేను దాటవేశాను. బండి లోడుకు వెళ్ళాలని యజమాని తొందరపెట్టడంతో, ఫ్రేమ్ కింద దాగిపోయే అంచే కదా అని పచ్చి రేకు మీదనే సీలెంట్ వేశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి తుప్పు సీలెంట్‌ను పైకి లేపి, నీరు పరుపులోకి దిగింది. ఆ డ్రైవరు తడి పరుపును రోడ్డు పక్కన ఆరబెట్టుకుంటూ కనిపించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒట్టి రేకు కిటికీ బరువును మోయలేదు. 25 మి.మీ. చదరపు గొట్టంతో రంధ్రం చుట్టూ లోపల చట్రం కట్టి, దానిని పైనా కిందా ఉన్న అడ్డ కమ్మీలకు వెల్డింగ్ చేయాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో ఎలక్ట్రానిక్ యూనిట్లు ఎక్కువ కాబట్టి, బ్యాటరీతోపాటు వాటి కనెక్టర్లను కూడా విప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును అతుకు పక్కనే బిగించాలి. వెల్డింగ్‌కు రంగు కాలిన ప్రతిచోటా మళ్ళీ ప్రైమర్ వేయాలి.

ఇక ఫ్రేమ్ బిగింపు. అల్యూమినియం ఫ్రేమ్ అంచు వెనుక పాలీయురేథేన్ సీలెంట్‌ను ఎక్కడా తెగకుండా ఒకే తాడులా వేసి, ఇద్దరు మనుషులు బయటి నుంచి సమంగా నొక్కి పట్టుకోగా, లోపలి నుంచి బిగింపు చట్రాన్ని (ఫ్రేమ్‌ను రేకుకు పట్టి ఉంచే లోపలి ముక్కను) స్టెయిన్‌లెస్ స్క్రూలతో ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే మూలను ముందే పూర్తిగా బిగిస్తే ఫ్రేమ్ మెలి తిరిగి అద్దం జరగదు. సీలెంట్ అంతా బయటికి పిండుకుపోయేలా నొక్కడమూ తప్పే. అల్యూమినియం, ఇనుము నేరుగా తగిలిన చోట తేమ చేరితే లోహం తినుకుపోతుంది. ఫ్రేమ్ అడుగు గాడిలో నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. సీలెంట్‌తో అవి మూసుకుపోలేదని పుల్లతో పొడిచి చూడాలి. కిటికీ పైన చిన్న వాన పట్టీ అతికిస్తే పైకప్పు నీరు పక్కలకు మళ్ళుతుంది.

24 గంటలు బండిని కదపకుండా ఉంచి, ఆ తర్వాత నీళ్ళ పైపుతో పరీక్షించాలి. ముందు కిటికీ అడుగున, తర్వాత పక్కలకు, చివరగా పైన, ఒక్కొక్క చోట ఐదు నిమిషాలు నీరు పట్టాలి. ఒకేసారి పైనుంచి కొడితే ఏ అతుకు కారుతోందో తెలియదు. లోపల ఒకరు టార్చితో కూర్చుని, చట్రం చుట్టూ అంటించిన పాత వార్తాపత్రిక ముక్కలు ఎక్కడ తడుస్తున్నాయో చూడాలి. పరీక్ష నెగ్గినా లోపలి ప్లైవుడ్, రెగ్జిన్ వెంటనే బిగించవద్దు. బండి ఒక ట్రిప్పు లోడుతో తిరిగి వచ్చాక, అదురుకు వదులైన స్క్రూలను మరోసారి బిగించి, చట్రం వెనుక తడి మరకలు లేవని చూసుకుని, అప్పుడు లైనింగ్ వేసి పరుపు పరవాలి.