మామిడిలో పండు ఈగ: శిక్షణకు వెళ్లి పనికొచ్చేది నేర్చుకోవడం ఎలా?

కాయ పైకి నిగనిగలాడుతుంది. మాగాక కోస్తే లోపల తెల్లటి పురుగులు. మామిడి రైతుకు ఇంతకంటే కడుపు మండే విషయం లేదు. 2014లో ఐరోపా యూనియన్ మన మామిడిని నిషేధించిందంటే ముఖ్య కారణం ఈ పండు ఈగే. ఆ నిషేధం 2015లో గానీ తొలగలేదు. ఈగ తొక్క కింద గుడ్డు పెట్టేశాక పైన ఏ మందు కొట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అందుకే ఈగను గుడ్డు పెట్టకముందే అడ్డుకునే విద్య ముందే నేర్చుకోవాలి.

మొదట నెల చూసుకోండి. ఈగల్ని వాసనతో రప్పించి పట్టే ఎర బుట్టలు కోతకు సుమారు రెండు నెలల ముందే చెట్లకు కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో కోసేవాళ్లు జనవరిలోపే శిక్షణ పూర్తి చేసుకోవాలి. కాయలు రాలడం మొదలయ్యాక వెళ్తే మిగిలేది టెన్షనే.

తర్వాత, ఎక్కడ నేర్పుతారో కనుక్కోండి. ముందుగా మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి మామిడి శిక్షణ ఎప్పుడుందో అడిగి పేరు రాయించుకోండి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో కూడా అడగొచ్చు. నూజివీడు మామిడి పరిశోధన స్థానం, సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానం ఈ పంటలో అనుభవం ఉన్నవి. ఇంటి నుంచే అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. అప్పటికి రాలిన కాయలు దొరికితే రెండు మూడు, అడుగున ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి తీసుకెళ్లండి. పురుగు కాయలోంచి ఇసుకలోకి దిగి కోశస్థ దశకు (గట్టి గూడులో కదలకుండా ఉండే దశ) చేరుతుంది, కొన్నాళ్లకు ఈగ బయటికొస్తుంది. శాస్త్రవేత్తకు చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఆకు, పూత నమూనాలైతే కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి కుళ్లిపోతాయి.

శిక్షణలో ఏం అడగాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు పేజీల నిండా మందుల పేర్లు రాసుకొచ్చాను. తోటలోకి వచ్చాక ఏది ఎప్పుడు వాడాలో తెలియలేదు. పేరు కంటే కారణం అడగండి. ఉదాహరణకు, మిథైల్ యూజినాల్ ఎరకు వచ్చేవి మగ ఈగలే. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు, సంతతి తగ్గుతుంది. ఇది తెలిస్తే బుట్టలు ముందే ఎందుకు కట్టాలో అర్థమవుతుంది. క్యూలూర్ అనేది సొర, కాకర వంటి తీగజాతి కూరగాయల ఈగకు వాడే ఎర. మామిడికి అది కొనకండి. ఎకరాకు ఎన్ని బుట్టలు, ఎర ఎన్నాళ్లకు మార్చాలి, ఏదైనా మందు కొడితే కోతకు ఎన్ని రోజులు ఆగాలి అన్నవి అక్కడే రాసుకోండి. ఆ మందు లేబుల్ మీద మామిడి పేరు ఉందో లేదో కూడా చూపించమనండి.

ఇంటికొచ్చాక రాలిన కాయల్ని రోజూ ఏరి, రెండడుగుల లోతు గుంటలో పూడ్చండి. వాటిని చెట్టు కిందే వదిలేస్తే పురుగు నేలలోకి దిగి మళ్లీ ఈగగా లేస్తుంది. చెట్ల పాదుల్లో మట్టి తిరగవేస్తే కోశాలు ఎండకు చస్తాయి. వారానికోసారి బుట్టల్లో ఈగల్ని లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయండి. లెక్క ఒక్కసారిగా పెరిగిందంటే ఆ పుస్తకంతోనే అధికారి దగ్గరకు వెళ్లండి.

పక్క తోటవాళ్లను మాత్రం మర్చిపోకండి. ఈగ గట్టు దాటి వస్తుంది, ఒక్కరు బుట్టలు కడితే చాలదు. చుట్టుపక్కల రైతులు పదిమంది కలిసి వెళ్లి, శిక్షణ మన తోటలోనే పెట్టమని ఉద్యాన అధికారిని అడగండి. చెట్టు కింద నిలబడి, మన కాయ కోసి చూపిస్తూ చెబితే అందరికీ మనసుకెక్కుతుంది.