జింక వేటకి బక్‌షాట్ ఏస్తే ఏ చోక్ పెట్టాలె

బక్‌షాట్ అంటే షాట్‌గన్ షెల్ (తూటా)ల ఉండే పెద్ద సీసం గుండ్లు, చోక్ అంటే గొట్టం మూతిని సన్నగ చేసేతందుకు బిగించే ట్యూబ్. ముందే చెప్తున్నా, ఇది అమెరికాల లైసెన్స్ తీస్కొని వేటకి పోయే మన వరంగల్ పిల్లల కోసం. ఇక్కడ ఏటూరునాగారం, పాకాల దిక్కు దుప్పి మీద తుపాకి ఎత్తితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే, అండ్ల డౌటే లేదు. అక్కడ గూడ హెచ్‌వన్‌బీ మీద ఉన్నోళ్లు హంటింగ్ లైసెన్స్ లేకుండ గన్ ముట్టొద్దు, ఫెడరల్ కేసైతది. స్టేట్ రూల్ గూడ చూస్కోండ్రి, జార్జియాల బక్‌షాట్ నడుస్తది గని ఒహాయోల నడ్వది, అక్కడ షాట్‌గన్‌తోని అయితే ఒంటి గుండు స్లగ్గే.

ఇగ అసలు ముచ్చట. మా బామ్మర్ది నర్సంపేటోడే, ఇప్పుడు అట్లాంటా దగ్గర ఉంటడు, మొన్న ఫోన్ చేసి "బావా, ఫుల్ చోక్ బిగిస్తే గుండ్లు దగ్గర దగ్గర పోతయ్ గదా" అన్నడు. పిట్టల్ని కొట్టే సన్న గుండ్లకైతే కరెక్టే, బక్‌షాట్ కాడికొస్తే లెక్క తిరగబడ్తది. 12 గేజ్ గొట్టం లోపలి వెడల్పు 0.729 అంగుళాలు, డబల్ ఆట్ (00) సైజు బక్‌షాట్ గుండు 0.33. మూడు గుండ్లు ఒక పొరల ముక్కోణం లెక్క ఆనుకొని ఇమడాల్నంటే 0.711 జాగ కావాలె. ఫుల్ చోక్ పెడ్తే మూతి 0.694 దాక సన్నగైతది, మరి మూడూ ఒక్కసారి ఎట్ల బయటపడ్తయ్? ఒత్తుకుంటయ్, సీసం మెత్తది గాబట్టి సొట్టపోతయ్, సొట్టపోయిన గుండు సక్కగ పోదు. ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే వదులు చోక్ 0.719, అండ్లకెల్లి ఆరాంగ పోతయ్, దానికంటె బిగుతుది మాడిఫైడ్ 0.709 అంటే అంచు మీద ఉన్నట్టే, ఆ పైన షెల్‌ల గుండ్లని పట్టుకొని ఉండే ప్లాస్టిక్ కప్పు, వాడ్ అంటరు, దాని మందం గూడ కలుస్తది. అయితే ఇదంత కాయితం మీది లెక్క. మాడిఫైడ్‌తోని మస్తు కొట్టే గన్లున్నయ్, ఫుల్‌తోని బాగ కొట్టేటివి గూడ ఉన్నయ్, అందుకే ఇంప్రూవ్డ్ సిలిండర్‌తోని మొదలువెట్టి ఒక్కో మెట్టు బిగించుకుంట పోవాలె.

పెద్ద అట్టముక్క మధ్యల టిఫిన్ ప్లేటంత, 10 అంగుళాల గుండ్రం గీయుండ్రి, జింక గుండె ఊపిరితిత్తుల జాగ ఇంచుమించు గంతే. 25 గజాల నుంచి గన్ ఆనించి కొట్టుండ్రి, ఒక్కో చోక్‌కి మూడు షెల్స్, ప్రతిసారి కొత్త అట్ట. తొమ్మిది గుండ్ల షెల్ అయితే ఎనిమిదన్న లోపల పడాలె, అప్పుడే 30 గజాలకి జరగండ్రి. యాడికొచ్చినంక గుండ్లు బయటికి పోవుడు షురూ అయితదో అక్కడికే మీ దూరం అయిపాయె. 60 గజాలల్ల పడగొట్టిన అని ఎవడన్న చెప్తే విని ఊకోండ్రి, కడుపుల ఒక్క గుండు తాకి ఉరికిన జింక యాడనో పొదల పడి సస్తది, అది దొరకది గూడ.

షెల్ కంపెనీ మారిస్తే మళ్ల మొదటికే, పాత అట్టల లెక్క పనికిరాదు. ఫెడరల్ కంపెనీ ఫ్లైట్‌కంట్రోల్ అసొంటి వాడ్ అయితే అదే గుండ్లని కొంత దూరం పట్టుకొని పోతది, దానికి అస్సలు బిగింపు లేని సిలిండర్ చోకో, ఇంప్రూవ్డ్ సిలిండరో సాలు, టైట్ చోక్ పెడ్తే ఉల్టా చెడగొడ్తది.

చోక్ ట్యూబ్ లేకుండ మాత్రం ఎప్పుడు కాల్చొద్దు, గొట్టం లోపలి మర ఖరాబైతది. బెరెట్టా, బెనెల్లి ట్యూబ్ మీద పేరు కనవడకపోతే అంచు మీద గాట్లు లెక్కవెట్టుండ్రి, ఒకటుంటే ఫుల్, మూడుంటే మాడిఫైడ్, నాలుగుంటే ఇంప్రూవ్డ్ సిలిండర్. గన్ ఖాళీ చేసి, ట్యూబ్ విప్పి చేతిలకి తీస్కొని చూడుండ్రి, మూతిల తొంగి చూసుడు వద్దు.