డిజిటల్ కాలిపర్ తప్పు చూపిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

కాలిపర్ (రెండు దవడల మధ్య ముక్కని పట్టి మందం, వ్యాసం కొలిచే పరికరం) మీద అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని ఇంకో మోడల్ వెతకడం. నేనూ అదే చేశాను. కొత్తది చేతికొచ్చాక తెలిసింది, పాతదానికి పోయింది బటన్ సెల్ మాత్రమేనని. మీ దగ్గరున్నదానికి వచ్చిన జబ్బేమిటో ముందు తేల్చుకోండి. అందులో ఏది బాగవుతుందో, ఏది కాదో తెలిస్తే కొనేటప్పుడు దేనికి డబ్బు పెట్టాలో కూడా తెలిసిపోతుంది.

పరీక్షకు ఒక నమ్మకమైన ముక్క కావాలి. గేజ్ బ్లాక్ (ఖచ్చితమైన కొలతకు చేసిన లోహపు దిమ్మ) ఉంటే సరే, లేకపోతే స్కేటింగ్ చక్రాల్లో వాడే 608 బేరింగ్ కొత్తది ఒకటి చాలు. దాని బయటి వ్యాసం 22 మి.మీ. మామూలు గ్రేడు బేరింగ్‌లో కూడా అది 22 కంటే ఎక్కువ ఉండకూడదు, తగ్గినా 9 మైక్రాన్లకు (0.009 మి.మీ.) మించి తగ్గకూడదు. అంటే మీ కాలిపర్ 21.99 లేదా 22.00 చూపిస్తే హాయిగా ఉండొచ్చు, 21.98, 22.01 అన్నా కంగారు పడక్కర్లేదు. ఆ బేరింగ్ మందాన్ని (7 మి.మీ.) మాత్రం ఆధారంగా తీసుకోకండి, అది 0.12 దాకా తగ్గినా ప్రమాణం ప్రకారం తప్పు కాదు.

అంకెలు మినుకుమినుకుమంటున్నాయి, లేదా ముట్టుకోకపోయినా మారిపోతున్నాయి

మినుకుమంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. ఎల్ఆర్44, ఎస్ఆర్44 రెండూ ఒకే సైజు, రెండూ పడతాయి, కానీ ఒకటి కాదు. ఎల్ఆర్44 ఆల్కలైన్, వాడుతున్నకొద్దీ దాని వోల్టేజ్ నెమ్మదిగా దిగుతూ పోతుంది. ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్, చివరి దాకా దాదాపు 1.55 వోల్టుల దగ్గరే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. కాలిపర్‌కి కావాల్సింది ఈ రెండోదే. ఇంకో సంగతి, చవక మోడల్స్‌లో ఆఫ్ బటన్ నొక్కితే ఆగేది తెర ఒక్కటే, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది, అందుకే డబ్బాలో పెట్టిన కాలిపర్ నాలుగు నెలల తర్వాత తీసేసరికి చచ్చిపోయి ఉంటుంది. అరుదుగా వాడేవాళ్లు సెల్ తీసి పక్కన పెట్టుకోవడమే మంచిది.

కొత్త సెల్ వేసినా అంకెలు గెంతుతుంటే స్కేలు మీద తడో నూనో ఉంది. ఈ కాలిపర్లలో ఎక్కువ భాగం కెపాసిటెన్స్ మీద నడుస్తాయి, బీమ్ (పొడవాటి కడ్డీ) మీద అంటించిన పట్టీ కింద రాగి గీతలుంటాయి, దాని మీద జారే స్లైడర్ వాటిని చదువుతూ పోతుంది. మధ్యలో చెమ్మ చేరితే చదువు తప్పుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన మెత్తటి గుడ్డతో బీమ్ అంతా తుడిచి ఆరనివ్వండి. అసిటోన్ జోలికి వెళ్లొద్దు, పట్టీ మీది ముద్ర, ప్లాస్టిక్ రెండూ పాడవుతాయి. కూలెంట్ (మెషిన్ మీద ముక్కని చల్లబరిచే ద్రవం) చిమ్మే చోట రోజూ పని చేసేవాళ్లకి మాత్రం ఇది తుడిస్తే తీరే బాధ కాదు, వాళ్లు ఐపీ67 రేటింగ్ (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉన్నదే తీసుకోవాలి. ఐపీ54 అంటే తుంపరలకు ఓర్చుకుంటుంది, అంతవరకే.

మూసిన ప్రతిసారీ జీరో రావట్లేదు

ముందు దవడల మధ్య శుభ్రమైన కాగితం ముక్క పెట్టి, తేలిగ్గా నొక్కి పట్టుకుని, కాగితాన్ని మెల్లగా లాగేయండి. అప్పటిదాకా 0.02, 0.03 చూపించింది 0.00కి వచ్చేస్తే అది దుమ్మే. ఈ పని నేను జీరో కొట్టే ముందు ప్రతిసారీ చేస్తాను, అలవాటైపోయింది.

రాకపోతే మూసిన దవడల్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. సన్నటి వెలుగు గీత పై నుంచి కింద దాకా ఒకేలా కనిపిస్తే ఇంకా దుమ్ముంది. ఒకచోటే వెడల్పుగా కనిపిస్తే అక్కడ అరిగింది, లేదా పక్కనెక్కడో అంచు లేచింది. లేచిన అంచునైతే సన్నటి ఆయిల్ స్టోన్‌తో ఒకటి రెండుసార్లు రాసి తీసేయొచ్చు. కొనలు అరిగితే ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. ఆ కొనలతో లోహం మీద గీతలు గీసేవాళ్లే ఎక్కువగా ఈ స్థితికి తెచ్చుకుంటారు (గీసేటప్పుడు భలే సౌకర్యంగా ఉంటుంది, ఒప్పుకుంటాను).

మూసినప్పుడు బాగానే ఉండి, స్లైడర్‌ని జోరుగా లాగి వెనక్కి తెస్తే జీరో తప్పుతోందా? అది ఇంక్రిమెంటల్ రకం, కదిలిన దూరాన్ని ఒక్కొక్క అడుగుగా లెక్కపెట్టుకుంటూ పోతుంది, వేగంగా కదిలిస్తే లెక్క మరిచిపోతుంది. మందు ఒకటే, మెల్లగా కదపడం. అబ్సొల్యూట్ రకం ఎక్కడున్నా తన స్థానాన్ని నేరుగా చదువుతుంది కాబట్టి ఈ బాధ ఉండదు, ఆపి మళ్లీ ఆన్ చేసినా జీరో పోదు. నా దృష్టిలో కాస్త ఎక్కువ డబ్బు పెట్టదగిన మొదటి విషయం ఇదే.

ఒకే ముక్కని మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు

అసలు గొడవంతా ఇక్కడే. మైక్రోమీటర్‌కి (స్క్రూ తిప్పి ఇంకా సన్నగా కొలిచే పరికరం) రాచెట్ ఉంటుంది, ఎంత నొక్కాలో అదే చూసుకుంటుంది. కాలిపర్‌కి అలాంటిదేమీ లేదు, బొటనవేలే రాచెట్. బేరింగ్‌ని దవడల కొనల దగ్గర పట్టి గట్టిగా నొక్కండి, 21.96 అంటుంది. వేలు వదులు చేస్తే 21.99. అదే బేరింగ్‌ని బీమ్‌కి ఆనేంత లోపలికి జరిపి, ముక్కని కొంచెం అటూ ఇటూ ఊపుతూ తేలిగ్గా మూస్తే వచ్చే అతి తక్కువ అంకె దగ్గర నిలబడిపోతుంది. ఆ అంకే తీసుకోండి.

కొన దగ్గర ఎందుకు తేడా వస్తుందంటే, మనం కొలిచే గీత ఒకచోట, స్కేలు ఇంకోచోట ఉన్నాయి. స్లైడర్ ఏ కాస్త వాలినా ఆ వాలు దవడ పొడవుతో పాటు పెరుగుతుంది. 60 మి.మీ. పొడవున్న స్లైడర్‌లో 0.02 మి.మీ. లూజు ఉంటే 40 మి.మీ. దూరంలో ఉన్న కొన దగ్గర తేడా 0.013 అవుతుంది. దీన్నే అబ్బే ఎర్రర్ అంటారు.

లూజు ఎక్కువైతే స్లైడర్ పై అంచున ఉన్న రెండు చిన్న స్క్రూలు చూడండి. వాటి కింద ఒక సన్నటి లోహపు పట్టీ బీమ్‌ని ఒత్తుతూ ఉంటుంది. రెండింటినీ స్లైడర్ బిగుసుకునే దాకా తిప్పి, తర్వాత ఒక్కోదాన్ని చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి వదలండి, నునుపుగా జారుతూ, ఊపితే ఊగకుండా ఉండాలి. చవక కాలిపర్లలో సగం ఈ ఒక్క పనితోనే మనుషుల్లో పడతాయి. అయితే బీమ్ నునుపుగా లేక ఒకచోట బిగిసి, ఇంకోచోట వదులయ్యేదైతే స్క్రూలు తిప్పి లాభం లేదు. అది తయారీలోనే వచ్చిన లోపం.

రంధ్రం వ్యాసం తక్కువ చూపిస్తోంది

రంధ్రాల లోపల కొలిచే పై దవడల అంచులు కత్తిలా పదునుగా ఉండవు, కొంచెం చదునుగా ఉంటాయి, పైగా రెండింటి మధ్య సందు కూడా ఉంటుంది. దాంతో గుండ్రటి రంధ్రంలో అవి నిజమైన వ్యాసం మీద కాకుండా పక్కనున్న జ్యా (వ్యాసం కంటే పొట్టి అడ్డగీత) మీద ఆనుతాయి. ఆ చదును, సందు కలిపి 0.5 మి.మీ. ఉంటే 5 మి.మీ. రంధ్రం 0.025 తక్కువగా కనిపిస్తుంది. అదే 50 మి.మీ. రంధ్రంలో ఈ తేడా కనపడనే పడదు. చిన్న రంధ్రాలకి కాలిపర్ మార్చడం కంటే పిన్ గేజ్ (ఖచ్చితమైన వ్యాసమున్న లోహపు పుల్ల) వాడటమే దారి, లేదా పరిమాణం తెలిసిన డ్రిల్ బిట్ వెనక భాగం దూర్చి చూడండి.

లోతు తప్పు వస్తుంటే డెప్త్ రాడ్‌ని (బీమ్ చివర నుంచి బయటికొచ్చే సన్నటి పుల్ల) కాదు, ముక్క మీద ఆనించిన బీమ్ కొసని చూడండి. అది ఇరుకైనది, ఇట్టే వాలిపోతుంది.

కాలిపర్ తప్పు కాని తప్పులు

ఎం6 (పేరుకి 6 మి.మీ.) బోల్టు కొలిస్తే 5.9 వచ్చిందా? కంగారు పడకండి. మామూలు 6జీ తరగతి బోల్టు బయటి వ్యాసం 5.794 నుంచి 5.974 మధ్య ఉండాలనే ప్రమాణం, 6.00 వస్తేనే ఆలోచించాలి. అలాగే అప్పుడే మెషిన్ మీద నుంచి తీసిన వేడి అల్యూమినియం ముక్క: 100 మి.మీ. ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.023 మి.మీ. పెరుగుతుంది. చల్లారనివ్వండి.

ఇక కొనాల్సిందే అని తేలితే

తెర మీద 0.01 కనిపిస్తుంది కదా అని అంతే ఖచ్చితంగా కొలుస్తుందనుకోవద్దు. 0.01 లీస్ట్ కౌంట్ (తెర చూపించే అతి చిన్న మెట్టు) మాత్రమే, 150 మి.మీ. మంచి కాలిపర్‌కి కంపెనీలు చెప్పే ఖచ్చితత్వం మామూలుగా ±0.02, చవకవాటికి ±0.03. ఆ అంకె ఎక్కడా రాయకుండా లీస్ట్ కౌంట్ ఒక్కటే గొప్పగా రాసి ఉంటే వదిలేయండి. ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ బాడీవి వంగుతాయి, వాటిలో చాలావాటి లీస్ట్ కౌంటే 0.1, చెక్క పనికి సరిపోతాయి, బేరింగ్ సీటుకి (బేరింగ్ బిగుతుగా కూర్చునే గుంటకి) కాదు. పొడవు కూడా అవసరానికి మించి తీసుకోకండి, 300 మి.మీ. దానితో చిన్న ముక్కలు కొలవడం నరకం, పైగా దాని ఖచ్చితత్వం కూడా తక్కువే.

చేతికి రాగానే డబ్బా పారేయకుండా కాగితం పరీక్ష, వెలుతురు పరీక్ష, బేరింగ్‌ని బీమ్ దగ్గరా కొన దగ్గరా పట్టి పదేసిసార్లు కొలవడం, ఈ మూడూ చేయండి. ఒక్కోచోట వచ్చిన పది రీడింగులూ 0.01 లోపల, రెండు చోట్లా కలిపి 0.02 లోపల ఉంటే ఉంచుకోండి, లేకపోతే వెనక్కి పంపేయండి. మీ పనికి 0.01 లోపలే టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) కావాలంటే మాత్రం ఎంత ఖరీదైన కాలిపర్ కొన్నా చాలదు, 25 మి.మీ. దాకా కొలిచే మైక్రోమీటర్ ఒకటి తీసుకోండి.