నూనె పుయ్యకముందు వేలు పెట్టి చూడండి

ఉగాది దగ్గర పడితే మా కర్నూలు రోడ్ల మీద కన్నడం ఎక్కువ వినపడుతుంది. మల్లన్న దగ్గరికి నడిచిపోయే కర్ణాటక భక్తులు ఎమ్మిగనూరు దారిలో వచ్చి, మా ఊరు దాటి, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా పోతారు. వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెడితే నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, ఆపైన శ్రీశైలం. దారి పొడవునా ఎవరికి చేతనైన సేవ వాళ్లు చేస్తారు. ఒకరు మజ్జిగ పోస్తారు, ఒకరు పుచ్చకాయ కోసిస్తారు. మా వీధివాళ్లం కాళ్లకు చేస్తాం. ఒక షామియానా, నాలుగు బకెట్ల వేడినీళ్లు, ఒక డబ్బా నువ్వుల నూనె. నేను ఫిజియోథెరపిస్టును కాబట్టి పెద్దరికం నాది.

మొదటి ఏడు నేను చేసిన పాపం ముందు చెప్పేస్తాను. అరవై దాటిన మనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. కుడి పాదం బయటి అంచు వాచింది. "ఇల్లి నోవు, అక్కా" అని చూపించాడు. వెనక ముప్పై మంది వరుసలో ఉన్నారు. బెణికిందిలే అనుకొని, గోరువెచ్చని నూనె పోసి పది నిమిషాలు గట్టిగా పట్టించాను. ఆయన పళ్లు బిగబట్టి ఓర్చుకొని, చివర్లో నాకే దండం పెట్టి, కట్టె ఊతంగా పోయినాడు. మూడోనాడు ఆత్మకూరు పక్క శిబిరం నుంచి ఫోన్ వచ్చింది. చిటికెన వేలి వెనక పొడుగు ఎముక మొదట్లోనే విరిగిందంట, ఎక్స్‌రే తీస్తే తెలిసిందంట. చదువుకున్నదాన్ని. నూనె చెయ్యి పెట్టే ముందు ఒక్క వేలు ఆనించి ఉంటే పట్టుబడేది.

అప్పటి నుంచి శిబిరానికి ముందు ఒక సాయంత్రం కొత్త పిల్లలను మా వరండాలో కూర్చోబెట్టి, ఎవరి కాలు వాళ్ల చేతే తడిమిస్తాను. ఆ పాఠమే ఇది. ఊరికే చదివితే రాదు. ప్యాంటు మోకాలి పైకి మడిచి, స్టూలు మీద కూర్చొని, ఒక కాలు ఇంకో మోకాలి మీద వేసుకోండి. గోళ్లు తీసేసుకొని కూర్చోండి. చూసేటప్పుడు రెండు కాళ్లూ చూడాలి. నొప్పి లేని కాలు ఎట్లుందో తెలియకుండా నొప్పి ఉన్న కాలు గురించి ఏమీ చెప్పలేం.

మోకాలి చిప్ప కింద రెండు మూడు వేళ్ల దూరంలో ఒక బుడిపె తగులుతుంది. తొడ ముందు కండరం చిప్పను పట్టుకొని వచ్చి ఆనుకునేది అక్కడ. ఆ బుడిపె నుంచి వేలు కిందికి జార్చండి. కత్తి వాదరలాగా ఒక అంచు, దానికి లోపలి పక్క చదునుగా ఎముక. అదే టిబియా. మేము తెలుగు మీడియంలో అంతర్జంఘిక అని బట్టీపట్టినాం, ఆ పేరు ఇంతవరకు ఒక్క పేషెంటు నోట కూడా వినలేదు. ఈ చదును భాగం మీద కండ లేదు, చర్మం కిందే ఎముక. చీకట్లో మంచం కోడుకు తగిలితే ప్రాణం పోయినట్టుండేది అందుకే. బొటనవేలితో అక్కడే పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి నిలిచిందంటే కాలికి నీరు దిగింది. రోజంతా నడిచినవాళ్లకు రెండు కాళ్లకూ కొంచెం దిగడం మామూలే, కాళ్లు ఎత్తి పడుకుంటే పోతుంది.

నాలుగైదు రోజులు నడిచినవాళ్లు "ముందెముక నొప్పి" అంటారు. లోపలి అంచు వెంబడి పైనుంచి కిందిదాకా వేలితో నొక్కుకుంటూ రండి. అరచేయంత మేర ఎక్కడ నొక్కినా నొప్పి అంటే, ఎముకను పట్టుకున్న కండరాలు అలిసి మంట పుట్టింది. నడక తగ్గించి, ఐసు పెడుతూ ఉంటే కొన్ని వారాల్లో దారికొస్తుంది. అట్ల కాకుండా ఒక్క చోట, వేలి కొన ఆనినంత మేరలోనే, నొక్కగానే ఎగిరిపడితే ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. ఆ మనిషిని ఇక నడిపించకండి.

ఇప్పుడు మోకాలి బయటి పక్కకు రండి. కీలుకు కొంచెం కింద గోలీకాయంత గుండు తగులుతుంది. సన్న ఎముక ఫిబులా తల అది. ఒంటి బరువులో చాలా కొద్ది పాలే దానిది. కానీ ఆ గుండు కింద మెడ చుట్టూ ఒక నరం చుట్టుకొని పోతుంది, అదీ చర్మానికి ఎంతో దగ్గరగా. ఉల్లిగడ్డ చేలలో, శనక్కాయ చేలలో పొద్దంతా గొంతుక్కూర్చొని కలుపు తీసినవాళ్లకు ఆ నరం నలిగి, పైకి లేచేసరికి పాదం ముందుభాగం ఎత్తలేకపోవడం నేను రెండు మూడుసార్లు చూశాను. చెప్పు నేలకు ఈడుస్తూ వస్తారు. పక్షవాతమని ఇంట్లోవాళ్లు ఏడుస్తూ తెస్తారు. నలిగినంత మాత్రమే అయితే చాలామందికి వారాల్లో తిరిగి వస్తుంది, అయినా డాక్టరు చూడాల్సిందే. మీరు చూడాల్సింది సులువే: "బొటనవేలు పైకి ఎత్తు" అనండి, మీరు వేలితో కిందికి నొక్కి ఆపండి. రెండు కాళ్ల బలం సమానంగా ఉండాలి. పాదయాత్రలో కర్రకాళ్లు కట్టుకొని నడిచేవాళ్లు కూడా వస్తారు, చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. వాళ్ల పట్టీ ఆ గుండు కిందే బిగిసిందేమో చూసి, బిగిసి ఉంటే అక్కడ గుడ్డ మడిచి పెట్టిస్తాను.

పిక్క దగ్గర ఎక్కువసేపు ఆగను, చేతులు మాత్రం అందరివీ అక్కడికే పోతాయి. మునివేళ్ల మీద నిలబడితే రెండు పాయలుగా ఉబ్బి కనపడేది పైకండ, దాని కింద వెడల్పుగా ఉండేది సోలియస్. రెండూ కలిసి కింద ఒకే తాడుగా గుదికాలికి ఆనుకుంటాయి. మడమను మా పక్క గుదికాలు అంటారు. ఒంట్లో అన్నిటికంటే లావైన తాడు అది, మనవాళ్లు గుదికాలి నరం అంటారు గానీ నరం కాదు. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకొని కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంది. "పిక్కబలం చూపించాడు" అని పారిపోయినవాడిని వెక్కిరిస్తాం గానీ, నిలబడి పనిచేసేవాళ్లను కాపాడేది ఆ బలమే. ఎవరైనా "వెనక నుంచి ఎవరో రాయి వేసి కొట్టినట్టయింది" అంటే బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు బయటికి వేలాడేట్టు పెట్టి, పిక్కను పిండండి. పాదం కిందికి కదలాలి. కదలలేదంటే ఆ తాడు తెగింది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, గట్టిగా, తాకితే నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది పిసకకూడని కాలు. నూనె డబ్బా మూతపెట్టి, ఆటో పిలవండి.

చీలమండ. ఇక్కడ తొందరపడొద్దు, నేను పొరపాటు పడింది ఈ చుట్టుపక్కలే.

రెండు పక్కలా బుడిపెలున్నాయి కదా, రెండు చూపుడువేళ్లు వాటి కొనల మీద పెట్టి ఎదురుగా చూడండి. బయటి బుడిపె ఒక సెంటీమీటరు కిందికి, కొంచెం వెనక్కి ఉంటుంది. బయటి గోడ అంత కిందికి దిగి ఉంది కాబట్టి పాదం బయటికి మెలిక పడటం అరుదు, లోపలికే పడుతుంది. ఈ రెండు గోడల మధ్య ఇరుక్కొని కూర్చున్న ఎముక టాలస్. దానికి ఒక్క కండరం కూడా అంటుకొని ఉండదు. పైభాగం ముందు వెడల్పు, వెనక సన్నం. ఎక్కేటప్పుడు వెడల్పు భాగం గోడల మధ్య బిగుస్తుంది, వేళ్లు కిందికి వంచి దిగేటప్పుడు సన్నభాగం వచ్చి కీలు వదులవుతుంది. భీముని కొలను లోయలోకి మెట్లు దిగేటప్పుడు కాలు బెణికిందని చెప్పేవాళ్లు ఎక్కడంలో బెణికిందని చెప్పేవాళ్లకంటే ఎక్కువ ఎందుకో ఈ ఎముక చూస్తే తెలుస్తుంది.

బెణికితే మొదట దెబ్బతినేది బయటి బుడిపె నుంచి ముందుకు పోయి టాలస్‌ను పట్టుకునే చిన్న పట్టీ. బుడిపె ముందరి అంచుకు కొంచెం ముందు, మెత్తగా గుంటలా ఉన్నచోట నొక్కితే నొప్పి అంటారు. అది బెణుకు. ఎముక సంగతి తేల్చాలంటే నాలుగు చోట్లు నొక్కాలి. ఇవి నేను కల్పించినవి కావు, కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో అచ్చువేసిన నియమాలు. ఎక్స్‌రే ఎవరికి అవసరమో వేలితో తేల్చుకోవడానికి ఇప్పటికీ వాడుతున్నాం. బయటి బుడిపె వెనక అంచు, కొన నుంచి 6 సెంటీమీటర్ల పైదాకా. లోపలి బుడిపెకూ అట్లే వెనక అంచు. మూడోది, పాదం బయటి అంచు మీద చిటికెన వేలికీ మడమకూ సరిగ్గా నడుమ పొడుచుకొచ్చే ముడి. మా మొదటేటి పెద్దాయనకు విరిగింది ఇదే. పాదం లోపలికి మెలిక పడినప్పుడు ఈ ముడికి అంటుకున్న కండరపు తాడూ పట్టీలూ లాగి ఎముక ముక్కను ఊడబెరుకుతాయి. నాలుగోది, లోపలి బుడిపె నుంచి కిందికి, ముందుకు రెండు మూడు సెంటీమీటర్లు పోతే తగిలే ఇంకో ముడి, నావిక్యులర్ ఎముకది. పడవ ఆకారంలో ఉంటుందని ఆ పేరు. ఈ నాలుగింటిలో ఎక్కడ నొక్కినా ఎముక మీద నొప్పి అంటే, లేదా దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడు కూడా, రెండుసార్లూ కుంటుకుంటూనైనా నాలుగడుగులు వేయలేకపోతే, ఎక్స్‌రేకు పంపండి. మూడో ముడిని మీ కాలి మీద ఇప్పుడే పట్టుకోండి. దొరకలేదా, చిటికెన వేలి మొదలు నుంచి అంచు వెంబడి వెనక్కి రండి, దొరుకుతుంది.

లోపలి బుడిపెకూ గుదికాలి తాడుకూ నడుమ పల్లంలో రెండు వేళ్లు తేలిగ్గా ఆనించండి. నాడి కొట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే పోతుంది, దొరకనివాళ్లందరూ గట్టిగా నొక్కేవాళ్లే. ఇంకోటి పాదం మీద: బొటనవేలు ఎత్తితే పైకి తేలే తాడుకు బయటి పక్కన. ఇది కొందరికి పుట్టుకతోనే చేతికి అందదు, భయపడొద్దు. పాదం చల్లగా ఉండి, రెండుచోట్లా దొరక్కపోతే మాత్రం చెప్పండి.

ఇక అరికాలు. మా వరండాలో కడప బండలు పరిచి ఉన్నాయి, నల్లవి. పాదం తడిపి బండ మీద నిలబడి తీస్తే అచ్చు పడుతుంది. ఎండకు ఆరిపోయేలోపు చూడాలి, మార్చిలో అయితే నిమిషం కూడా ఉండదు. మడమకూ ముంగాలికీ నడుమ బయటి అంచున పట్టీ మాత్రం పడితే మామూలు వంపు. మొత్తం పాదం పడితే చదునుపాదం. నడుమ ఏమీ పడకపోతే వంపు ఎక్కువ. చదునుపాదం ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, నాదీ చదునే, కాలికి బలపం కట్టుకొని తిరుగుతూనే ఉన్నాను. నిలబడి ఉండగా ఇంకొకరిని మీ బొటనవేలు పైకి ఎత్తమనండి. వంపు తనంతట తనే లేస్తుంది. మడమ ఎముక నుంచి వేళ్లదాకా అరికాలి కింద గట్టి పట్టా ఒకటి ఉంది. వేలు ఎత్తగానే అది చేదబావి గిలక మీద తాడులా చుట్టుకొని బిగుస్తుంది. ఒక పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. అడుగు తీసే క్షణంలో అవన్నీ కలిసి ఒక గట్టి కట్టెలాగా మారేది ఈ పట్టా బిగువు వల్లే. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే, మడమ కింద లోపలి పక్కకు, ఈ పట్టా మొదలయ్యేచోట నొక్కి చూడండి. మడమ నడిబొడ్డున నొప్పి అయితే అది వేరు. అక్కడ కొవ్వు చిన్నచిన్న అరల్లో దిండులా ఉంటుంది, వయసు మీద పడితే పలచనవుతుంది. వాళ్లకు నూనె కంటే మెత్తటి చెప్పులు మేలు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లను ముందే అడిగి పక్కన కూర్చోబెట్టండి. కళ్లు మూసుకోమని, బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను ఒక్క సెకను అట్లా ఆనించి "ఎక్కడ?" అని అడగండి. రెండు కాళ్ల ఆరు వేళ్లలో రెండు మూడు చెప్పలేకపోయినా ఆ పాదానికి స్పర్శ తగ్గినట్టే. అట్లాంటి ఒకామెకు తారురోడ్డు మీద అరికాలంతా బొబ్బలెక్కినా నేను చూపించేదాకా తెలియలేదు. వాళ్లకు వేడినీళ్ల బకెట్ వద్దు, గోరువెచ్చనివే, అదీ మీ మోచేయి పెట్టి చూసినాకే. బొబ్బలు ఎవరివైనా చిదమొద్దు.

ఇంతా చూసినాక నూనె. వేళ్ల నుంచి మోకాలి వైపుకే రుద్దండి, ముందెముక మీద తేలిగ్గా, పిక్క మీద అరచేత్తో. వేళ్ల సందుల్లో మాత్రం నూనె వద్దు, తడి కూడా వద్దు. పాత నూలు పంచె చింపి తెచ్చుకోండి. టర్కీ టవలు ఆ సందుల్లో దూరదు.