డైపర్ వేసేచోట ఎర్రదనం తగ్గడం లేదా? ముందు మడతలు చూడండి

పాప మూత్రం పోసుకోగానే కెవ్వుమంటోంది. డైపర్ విప్పితే పిర్రలు, తొడలు కందిపోయి ఉన్నాయి. క్రీమ్ రాస్తే రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదటికొస్తోంది. ఈ స్థితిలో చాలామంది ఒక ట్యూబు తర్వాత ఇంకో ట్యూబు కొంటూ పోతారు. ఇంకోటి కొనే ముందు బిడ్డను కిటికీ దగ్గర పగటి వెలుతురులో పడుకోబెట్టి, కాళ్ళు మెల్లగా పైకెత్తి, గజ్జల మడతలు విప్పి చూడండి. ఎర్రదనం మడతల లోపల ఉందా, బయటే ఉందా? కారణం చాలావరకు అక్కడే బయటపడుతుంది.

చామనఛాయ పిల్లల్లో ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. చుట్టుపక్కల కంటే ముదురుగానో ఊదాగానో ఉండి, ముట్టుకుంటే వేడిగా, గరుకుగా తగిలితే అది కూడా కందినట్టే.

పిర్రలు, తొడలు కందాయి, మడతలు మాత్రం బాగున్నాయి

ఎక్కువమంది పిల్లల్లో కనబడేది ఇదే. తడి, మలం, రాపిడి మూడూ కలిసి చేసే పని. చర్మం పైపొర సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, అదే దానికి రక్ష. మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చేస్తుంది. దాంతో ఆమ్లగుణం పోతుంది, మలంలోని ఎంజైములు చురుకెక్కి చర్మాన్ని తినేయడం మొదలుపెడతాయి. అప్పటికే తడికి నానిన చర్మం డైపర్ రాసుకోగానే ఒలిచినట్టవుతుంది. మడతల లోపలికి డైపర్ తగలదు కాబట్టి అవి బాగుంటాయి. విరేచనాలు పట్టుకున్నప్పుడు, యాంటీబయాటిక్ సిరప్ వాడుతున్నప్పుడు, ఆరో నెల దాటి అన్నం, పండ్లు మొదలుపెట్టినప్పుడు ఇది ఎక్కువ. తల్లిపాల మీదే ఉన్న పిల్లల్లో తక్కువ.

దీనికి మొదటి మందు డైపర్ మార్చడమే. మలానికి వెళ్తే ఆ క్షణమే మార్చాలి. మూత్రమే అయితే నెలల పిల్లలకు రెండు గంటలకోసారి, కాస్త పెద్దవాళ్ళకు మూడు నాలుగు గంటలకోసారి. మంట ఉన్నన్నాళ్ళూ రాత్రి కూడా లేచి ఒకసారి మార్చండి. డైపర్లోని జెల్ మూత్రాన్ని పీల్చుకుంటుంది గానీ మలం చర్మానికి అంటుకునే ఉంటుంది. రాత్రంతా పొడిగా ఉంచుతుందని ప్యాకెట్ మీద రాసిన మాటను నమ్ముకుని నిద్రపోవద్దు.

కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు ధారగా పోస్తూ చేత్తో కడిగితే చాలు. ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. మెత్తటి నూలుగుడ్డతో రుద్దకుండా అద్దండి. ఆ తర్వాత గాలి తగలనివ్వండి. రబ్బరు షీటు పరిచి, పైన పాత నూలుచీర నాలుగు మడతలు వేసి, పది పదిహేను నిమిషాలు బిడ్డను ఏమీ వేయకుండా వదిలేయండి. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా చేయండి. చీర తడుస్తుంది, తడవనివ్వండి. ఉక్కపోత ఉండే కోస్తా ఊళ్ళలో ఈ గాలి చేసే మేలు ఇంకా ఎక్కువ.

చర్మం పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ ఉన్న పేస్టు రాయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పలచగా రాసి ఇంకిపోయేలా మర్దన చేస్తారు. అది ఇంకిపోవడానికి కాదు, తడికీ చర్మానికీ మధ్య అడ్డుగోడలా నిలబడటానికి. కింద చర్మం కనబడనంత మందంగా పట్టించండి. తర్వాతి మార్పిడిలో మలం అంటిన పైపొర మాత్రం తీసేసి, మిగిలినదాని మీదే మళ్ళీ రాయండి. మొత్తం గీకి తీస్తే కొత్తగా వస్తున్న లేతచర్మం కూడా ఊడొస్తుంది. తీయక తప్పకపోతే కొబ్బరినూనెలో ముంచిన దూదితో మెల్లగా తీయాలి. జింక్ పేస్టు అందుబాటులో లేకపోతే పెట్రోలియం జెల్లీ మందంగా రాసినా పనికొస్తుంది.

పద్ధతిగా చేస్తే రెండు మూడు రోజుల్లో తేడా తెలియాలి. తెలియకపోతే కారణం వేరే.

మడతల లోపల చిక్కటి ఎరుపు, చుట్టూ చిన్న చిన్న చుక్కలు

గజ్జల మడతల్లో మాంసం రంగులో మెరిసే ఎరుపు, దాని అంచు దాటి అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రటి చుక్కలో చిన్న చీము పొక్కులో ఉంటే కాండిడా అనే ఫంగస్ చేరిందని అనుకోవచ్చు. మామూలుగా కందిన చర్మం మూడు రోజులు దాటి మానకపోతే దాని మీద ఇది చేరడం చాలా సాధారణం. యాంటీబయాటిక్ వాడిన వారంలో మరీ ఎక్కువ. బిడ్డ నోరు కూడా చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా ఉండి, తుడిచినా రాకపోతే నోట్లోనూ అదే ఉంది. పాలిచ్చే తల్లికి చనుమొనలు మంటగా ఉంటే ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది.

జింక్ పేస్టు ఒక్కటే దీన్ని తగ్గించలేదు. పిల్లల డాక్టరుకు చూపించి క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ క్రీమ్ రాయించుకోండి. ముందు అది పలచగా రాసి, కాసేపు ఆగి, పైన జింక్ పేస్టు వేయాలి. ఎరుపు పోగానే ఆపేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులూ రాయాలి. సగంలో ఆపడం వల్లే ఇది ఎక్కువగా తిరగబెడుతుంది.

మందుల షాపు ట్యూబుతో ఒక్కరోజులో తగ్గింది, ఆపగానే రెట్టింపైంది

ఈ లక్షణం చూస్తే నాకు భయం. షాపులో అడగ్గానే ఇచ్చే కొన్ని ట్యూబుల్లో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు రాత్రికి రాత్రే మాయమవుతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. డైపర్ కింద మూసి ఉన్నచోట రాసిన మందు మామూలు కంటే చాలా ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. పసిపిల్లల చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, ఎక్కువకాలం వాడితే ఎదుగుదలకు కావలసిన సహజ హార్మోన్ల మీద కూడా దెబ్బ పడుతుంది.

ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న స్టెరాయిడ్ పేర్లలో ఏదున్నా సొంతంగా రాయొద్దు. ఇప్పటికే కొన్నాళ్ళుగా రాస్తుంటే ట్యూబు వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి, ఎన్నాళ్ళు రాశారో దాచకుండా చెప్పండి. అవసరమైతే తక్కువ బలమున్న హైడ్రోకార్టిసోన్ కొద్ది రోజులకు వాళ్ళే రాస్తారు. పక్కింటి బాబుకు తగ్గిందని అదే ట్యూబు తెచ్చుకోవడం మాత్రం దయచేసి మానేయండి.

తుడిచినచోటల్లా, లేదా ఎలాస్టిక్ తగిలేచోటే మంట

నడుము దగ్గర, తొడల చుట్టూ గీత గీసినట్టుంటే డైపర్ బిగుతై ఉంటుంది, సైజు పెంచండి. తుడిచిన మేరంతా కందితే వెట్ వైప్స్ మీద అనుమానపడాలి. వాటిలోని సువాసనలు, మిథైల్ ఐసోథయాజోలినోన్ లాంటి నిల్వ పదార్థాలు కొందరికి పడవు. రెండు వారాలు వైప్స్ పూర్తిగా మానేసి నీళ్ళు, దూది మాత్రమే వాడితే తెలిసిపోతుంది. గుడ్డ లంగోటీలు వాడేవాళ్ళు యాంటీసెప్టిక్ ద్రావణంలో ముంచి ఆరేయడం, సువాసన లిక్విడ్ పోయడం ఆపండి. సబ్బు పోయేదాకా జాడించి ఎండలో ఆరేస్తే చాలు. లంగోటీ మీద ప్లాస్టిక్ చెడ్డీ వేస్తే గుడ్డ వాడిన ప్రయోజనమే ఉండదు.

ఎర్రదనం డైపర్ చోటే కాదు, ఇంకెక్కడో కూడా ఉంది

బట్టలన్నీ విప్పి చూడండి. మాడు మీద పసుపురంగు జిడ్డు పెచ్చులు, చెవుల వెనక, మెడ మడతల్లో, గజ్జల్లో ఎరుపు ఉండి, బిడ్డ మాత్రం హుషారుగా ఉంటే అది మొదటి నెలల్లో వచ్చే సెబోరిక్ డెర్మటైటిస్. చాలావరకు దానంతటదే పోతుంది. అరచేతులు, అరికాళ్ళు, చంకల్లో పొక్కులు, రాత్రిళ్ళు దురద, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారంటే గజ్జి కావచ్చు. దానికి ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి. నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, చేతివేళ్ళ దగ్గర పుండ్లు, విడవని విరేచనాలు, జుట్టు ఊడటం కలిసి కనబడితే ఒంట్లో జింక్ లోపం ఉందేమో పరీక్షించాలి. ఇది అరుదు. కానీ ఎన్ని క్రీములు రాసినా తగ్గదు, నోటిద్వారా జింక్ ఇస్తే కొద్దిరోజుల్లోనే మారుతుంది.

స్నానంలో ఆపాల్సినవి

పుండు మానేదాకా ఆ చోట సున్నిపిండి వద్దు. అమ్మమ్మలు ప్రేమతోనే రుద్దుతారు, కానీ ఒలిచిన చర్మానికి ఆ గరుకు ఉప్పుకాగితమే. మిగతా ఒంటికి నూనె రాసుకోనివ్వండి, గొడవ ఉండదు. పౌడరు కూడా మానాలి. అది మడతల్లో తడితో ఉండకట్టి ఒరుసుకుంటుంది, చల్లేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోరిక్ ఆమ్లం కలిసిన పౌడర్లయితే మరీ ప్రమాదం, పుండు పడ్డ చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది.

ఆగకుండా డాక్టరు దగ్గరికి

జ్వరం, పాలు తాగకపోవడం, నీటిబుగ్గలు, తేనె రంగు పెచ్చులు, చీము, ముట్టుకుంటేనే ఊడొచ్చే చర్మం, వేగంగా పాకే ఎరుపు. నెల నిండని బిడ్డకు ఏ పొక్కు వచ్చినా అదే రోజు చూపించాలి. మలద్వారం చుట్టూ గీసినట్టు ఎర్రటి వలయం ఉండి, ముక్కేటప్పుడు ఏడ్చి, మలంలో రక్తపు చారలు కనబడితే స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. దానికి యాంటీబయాటిక్ కావాలి, పైపూత సరిపోదు.

ఎరుపు పోయింది, మచ్చ మిగిలింది

మన పిల్లల్లో మంట తగ్గాక ఆ చోట నల్లగానో తెల్లగానో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మచ్చ ఉంటుంది. చర్మం నున్నగా ఉండి, తాకితే బిడ్డ ఏడవకపోతే వ్యాధి పోయినట్టే. మచ్చ పోవాలని మందు కొనసాగించొద్దు. డైపర్ వేసే ముందు పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తూ ఉంటే చాలు.