చెప్పి బయలుదేరండి: చెన్నై వానల్లో తొలిసారి ఇంటికి వెళ్లే పిల్లలకు

హాస్టల్లో చేరి మూడు నెలలు దాటింది. మెస్ సాంబారు నాలుకకు అలవాటైనా మనసు మాత్రం దీపావళి సెలవుల మీదే ఉంటుంది. చెన్నై శివార్లలో పొత్తేరి, గూడువాంచేరి, కేళంబాక్కం వైపు కాలేజీల్లో చదివే మన పిల్లలు ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా ఇదే మాట. ఎవరు ఏ రైలుకి వెళ్తున్నారు, ఎవరికి బెర్తు దొరికింది, ఎవరికి దొరకలేదు. తాంబరంలో కాపురం పెట్టి ఇరవై రెండేళ్లయింది. చుట్టాల పిల్లలకీ, వాళ్ల స్నేహితులకీ మా ఇల్లే మజిలీ. ఇన్నేళ్లలో చూసిందేమిటంటే, మొదటిసారి ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లలకి కాలు నిలవదు. ఆ ప్రయాణమేమో సరిగ్గా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే వచ్చి పడుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక మాట. అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పాపెట్టకుండా బయలుదేరకండి.

2023లో మా చెల్లెలి కొడుకు ఫస్టియర్‌లో ఉన్నాడు. వాళ్లది చీరాల. మిచౌంగ్ తుఫాను వస్తోందని చెన్నైకీ, చుట్టుపక్కల జిల్లాలకీ డిసెంబరు 4, సోమవారం సెలవని ముందే ప్రకటించారు. వాడు ఆ సెలవుని ఇంటికి వెళ్లడానికి దొరికిన రోజుగా లెక్కేసుకున్నాడు. ఆదివారం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చీరాల, సోమవారమంతా అమ్మ దగ్గర అనుకున్నాడు. హాస్టల్ అవుట్‌పాస్ పుస్తకంలో ‘పెద్దమ్మ ఇంటికి, తాంబరం’ అని రాశాడు. అంటే వాడు మా ఇంట్లో ఉన్నాడని వార్డెన్‌గారి నమ్మకం, హాస్టల్లో ఉన్నాడని నా నమ్మకం. వాళ్లమ్మ ఫోన్ చేసి “అక్కా, వాడు హాస్టల్లోనే ఉన్నాడు కదా?” అంది. “ఉంటాడే, ఈ వానలో ఎక్కడికి వెళ్తాడు” అన్నాను. అంత ధీమాగా అన్నాను.

అప్పటికి వాడు సెంట్రల్ స్టేషన్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లాల్సిన రైలు రద్దయింది. వెనక్కి వద్దామంటే సోమవారం పొద్దున్నుంచి లోకల్ రైళ్లు లేవు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఎవరో నెల్లూరు పెద్దాయన తన ఫోన్ ఇచ్చాడట, కానీ వాడికి నోటికి వచ్చిన నంబరు వాళ్ల నాన్నది ఒక్కటే. చీరాలలో కరెంటు లేక ఆ ఫోన్ కూడా ఆగిపోయింది. తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. వాడు ఇంటికి వెళ్దామనుకున్న దారి వెంటే అదీ నడిచిందన్నమాట. ఆ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బూట్లు విప్పితే అరికాళ్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. బ్యాగులో పుస్తకాలతో సహా అన్నీ తడిసిపోయాయి. మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టిన చీర ఒక్కటే పొడిగా ఉంది. మెస్‌లో టిఫిన్ డబ్బులు మిగిల్చి అమ్మకని టీ నగర్‌లో కొన్న చీర అది.

వాణ్ణి నేనేమీ అనలేదు. మీకు మాత్రం చెప్తున్నాను. అవుట్‌పాస్‌లో నిజం రాయండి. టికెట్టు ఫొటో, బోగీ, సీటు నంబరు ఇంట్లో ఒకరికీ, చెన్నైలో ఒకరికీ పంపండి. అమ్మని ఆశ్చర్యపరచాలని అంత ఉంటే నాన్నకో అన్నయ్యకో చెప్పి వెళ్లండి, గుమ్మంలో అమ్మ ముఖం చూసే సంతోషం ఎక్కడికీ పోదు. నాలుగు ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి కవర్లో పెట్టి పర్సులో ఉంచుకోండి. వాటి కింద రైల్వేది 139, అత్యవసరానికి 112 కూడా రాయండి. ఊళ్లో పక్కింటివాళ్ల నంబరు ఒకటి ఉంటే ఇంకా మంచిది.

వాన సెలవు ఇచ్చారంటే బయట తిరగొద్దని అర్థం. వాతావరణ శాఖ చెన్నై, తిరువళ్లూరు, తిరుపతి, నెల్లూరు జిల్లాల్లో దేనికి ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఇచ్చినా మీ దారికి ఇచ్చినట్టే, ఎందుకంటే తడ, సూళ్లూరుపేట, గూడూరు మీదుగానే పోవాలి. మీ ఊళ్లో ఎండ కాస్తోందని అమ్మ అన్నంత మాత్రాన దారి బాగున్నట్టు కాదు. పట్టాల మీదికి నీళ్లొస్తే ఆఖరి గంటలో కూడా రైళ్లు ఆపేస్తారు. హాస్టల్ గేటు దాటే ముందు మీ రైలు ఉందా లేదా, ఎక్కడి నుంచి బయలుదేరుతోంది అని ఒకసారి చూసుకోండి. ఒకరోజు ఆలస్యంగా వెళ్తే పండగేమీ పోదు నాయనా.

టికెట్ల సంగతి. రైలు రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. ఇదివరకు 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి మార్చారు. పండగ రైళ్లు తెరిచిన పొద్దునే నిండిపోతాయి. కాబట్టి మీరు బయలుదేరే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఆ రోజు పొద్దున 8 గంటలకి కూర్చోవాలి. తిరుగు టికెట్టు రోజునీ అలాగే గుర్తు పెట్టుకోండి, చాలామంది మరిచేది అదే. ఆన్‌లైన్‌లో తీసిన వెయిటింగ్ లిస్టు టికెట్టు చార్టు, అంటే బెర్తుల తుది జాబితా, తయారయ్యేదాకా కన్ఫర్మ్ కాకపోతే దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. దానితో బోగీ ఎక్కితే టికెట్టు లేనట్టే.

తత్కాల్ అయితే ముందురోజు పొద్దున ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జోడించి ఉండాలి. ఇక్కడే మన పిల్లలు ఇరుక్కుంటారు. చిన్నప్పుడు తీసిన ఆధార్‌కి నాన్న ఫోన్ నంబరు ఇచ్చి ఉంటారు. ఓటీపీ చీరాలలో మోగుతుంది, ఆయన మగ్గం దగ్గరో పొలంలోనో ఉంటాడు, ఇక్కడ నిమిషాల్లో బెర్తులన్నీ అయిపోతాయి. ఈ పని వారం ముందే, నాన్న తీరిగ్గా ఉన్నప్పుడు ఫోన్లో కూర్చోబెట్టుకుని పూర్తిచేయండి.

ఏ స్టేషన్లో ఎక్కాలో కూడా టికెట్టు మీద చూసుకోండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ సెంట్రల్ నుంచి. సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెంగల్పట్టులోనే ఎక్కొచ్చు కనుక పొత్తేరి పిల్లలకి అది హాయి, మహానగరంలోకి రానక్కర్లేదు. కానీ టికెట్టు తీసేటప్పుడే ఎక్కే స్టేషను చెంగల్పట్టు అని పెట్టుకోవాలి. బస్సుల్లో ఇంతకన్నా పెద్ద గందరగోళం ఉంది. మీ కాలేజీలకి దగ్గర్లో ఉన్న కిలాంబాక్కం బస్టాండు ముఖ్యంగా తమిళనాడు దక్షిణ జిల్లాల బస్సులకి. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ బస్సులకి మామూలుగా పోవాల్సింది మాధవరం, నగరానికి అవతలి కొస. కిలాంబాక్కం వెళ్లి ఆంధ్రా బస్సేదని అడిగి, ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసిన పిల్లలు ఇద్దరున్నారు.

సెంట్రల్ చేరడానికి తాంబరం నుంచి లోకల్‌లో పార్క్ స్టేషన్ దాకా వచ్చి రోడ్డు దాటడం మామూలు పద్ధతి. గట్టి వానలో అయితే గిండీలో దిగి మెట్రోకి మారండి, నేరుగా సెంట్రల్ కిందికే వస్తుంది. రెండు గంటలు ముందుగా చేరేలా బయలుదేరండి. నీళ్లు నిలిచిన సబ్‌వేలో దిగకండి, లోతు ఎంతో పైనుంచి తెలియదు. నీళ్లలో కరెంటు తీగ పడి ఉన్నా కనపడదు, అందుకని స్తంభాలనీ, వీధి పక్క కరెంటు పెట్టెలనీ ముట్టుకోకండి.

రాత్రి స్లీపర్ బస్సు ఎక్కక తప్పదంటారా, అయితే ఇది వినండి. 2013 అక్టోబరులో బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న, దీపావళి వెళ్లిన నాలుగో రోజున, కర్నూలు దగ్గర తెల్లవారుజామున బస్సు బైకుని ఢీకొని మంటలంటుకుంటే బస్సులోని 19 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లకి బయటపడే సమయం దొరకలేదు. ఆ వార్త వచ్చిన పొద్దున మా ఇంట్లో కాఫీ ఎవరూ తాగలేదు, మా పిల్లలూ అలాంటి బస్సుల్లోనే కదా తిరిగేది. ఎక్కగానే చెప్పులు విప్పకముందే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. మీ బెర్తు నుంచి ఆ ద్వారానికి ఎన్ని బెర్తులో చేత్తో తడిమి లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు పనిచేయవు. సామాను నడవలో పెట్టనివ్వకండి. సుత్తి లేదని అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ప్రాణాలతో దిగేవాళ్లు ఏదీ పట్టుకుని దిగరు, కాబట్టి ఫోన్, పర్సు ఒంటి మీదే ఉండాలి.

దీపావళికి ఇంకొకటి. చెన్నైలో శివకాశి టపాసులు చవగ్గా దొరుకుతున్నాయని తమ్ముడికోసం బ్యాగులో వేసుకుని రైలెక్కకండి. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష సంగతి అటుంచండి, ఆ బోగీలో చంటిపిల్లలుంటారు. ఆ డబ్బు తమ్ముడి చేతికే ఇవ్వండి, ఊళ్లోనే కొనుక్కుంటాడు.

తెలియనివాళ్లు ఇచ్చిన బిస్కట్లు, టీ వద్దు. నీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, చార్జి నింపిన పవర్‌బ్యాంకు చాలు. ఒక జత బట్టలు, ఒక తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగు పైభాగాన పెట్టుకోండి.

గది తాళం వేసే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు, పుస్తకాలు అలమర పై అరలోకి ఎక్కించండి. పాత ట్రంకులో అడుగున పెట్టి వెళ్లిన అమ్మాయి తిరిగొచ్చేసరికి మార్కుల జాబితాలో సిరా అంతా పాకిపోయింది. కిటికీ బిగించండి, ప్లగ్గులు తీసేయండి. తినేవి ఒక్క పలుకు కూడా ఉంచకండి, ఎలుకలు పుస్తకాల అట్టలు కూడా కొరుకుతాయి. తడి బట్టలు మూట కట్టి గదిలో వదిలేస్తే వారానికి బూజు పడుతుంది, అవి ఇంటికే తీసుకెళ్లండి.

తడ దాటాక దుకాణాల బోర్డులు తెలుగులోకి మారతాయి. ఆ క్షణాన కిటికీ పక్కన పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో చాలాసార్లు చూశాను. అక్కడ ఆగి ఇంటికో మెసేజ్ పెట్టండి, తర్వాత సిగ్నల్ ఉన్నా లేకపోయినా మీరు ఎంతవరకు వచ్చారో వాళ్లకి తెలుస్తుంది. నిద్ర పట్టేస్తుందనుకుంటే మీ స్టేషన్‌కి అరగంట ముందుకి అలారం పెట్టుకోండి. తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి దిగేవాళ్లు ఎవరూ రాకుండా ఆటో మాట్లాడుకోవద్దు. వెలుతురొచ్చేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చుంటే నష్టమేమీ లేదు.

ఇంట్లో నాలుగు రోజులు కడుపు గురించి కూడా ఆలోచించండి. మూడు నెలలు మెస్ తిండి తిన్న పొట్టలో అమ్మ మొదటి పూటే గారెలు, పులిహోర, కోడికూర వేసేస్తుంది. వద్దంటే బాధపడుతుంది. పూటకొకటి చేయమనండి.

తిరిగి వచ్చేటప్పుడు పచ్చడి సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, ఇంకో కవర్లో పెట్టి ముడేయండి. బ్యాగులో నిలువుగా, బట్టల మధ్య ఉంచండి. సీసా సగమే నింపమని అమ్మకి చెప్పండి.